రూతమ్మ మేడం, లేవని ఫైర్‌వాల్

పాత నెట్‌వర్కు పెట్టెకు కరెంటు ఇచ్చిన మొదటి నిమిషంలో ఒక వాసన వస్తుంది. వేడెక్కుతున్న దుమ్ము, కొద్దిగా ప్లాస్టిక్కు, వెనకటి యజమాని ఆఫీసులో వెలిగించిన అగరొత్తి, అన్నీ కలిసిన వాసన. మొన్న ఖమ్మంలో ఒక బట్టల దుకాణం వెనక గదిలో ఆ వాసన తగలగానే నా రెండు చేతులూ నాకు చెప్పకుండానే వెనక్కి వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. దుకాణం యజమాని నన్ను ఎగాదిగా చూసి, "ఏందమ్మా, గట్ల నిలబడ్డవ్? పీటీ సారు గిట్ల వస్తుండా?" అన్నాడు. పీటీ సారు రాలేదు. రూతమ్మ మేడం గుర్తొచ్చారు.

కాబట్టి ఇప్పుడు మీకొక వీరగాథ చెప్పబోతున్నాను. అందులో భద్రాచలం అవతలి అడవి ఉంది, పిడుగు ఉంది, తరుముకొచ్చే గడువు ఉంది, అలుపెరగకుండా కాపలా కాసిన ద్వారపాలకుడున్నాడు, ఎంత కొట్టినా లొంగని శత్రువున్నాడు. ఓపికున్నవాళ్ళు మధ్యలో పద్యాలు కూడా పెట్టుకోవచ్చు. కానీ మిమ్మల్ని మోసం చేయడం ఎందుకు? టిఫిను డబ్బా అంత ఉండే సెకండ్ హ్యాండ్ పెట్టె ఒకటి లేవలేదు. తర్వాత లేచింది. మధ్యలో నలుగురం చెమట తుడుచుకున్నాం. జరిగిందంతా ఇంతే.

ఇలాంటి జ్ఞాపకాలు సాధారణంగా పోయినవాళ్ళ మీద రాస్తారు. మేడం పోలేదు. దుకాణం మూసేసి ఏన్కూరు దగ్గర నాటుకోళ్ళు పెంచుకుంటున్నారు. ఇది చదివితే ముందు తప్పులు దిద్ది, ఆ తర్వాత నన్ను తిడతారు. ఆమె పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో ఏళ్ళ తరబడి మీటర్లు చూసిన మనిషి. రిటైరయ్యాక బస్టాండుకు దగ్గర్లో రెండు షట్టర్ల గది కిరాయికి తీసుకుని కంప్యూటర్లు, కెమెరాలు, నెట్‌వర్కులు బాగుచేసే దుకాణం పెట్టారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. దించేది మాత్రం పాస్టరు గారు, గడియారం చూపించి.

నేను పెనుబల్లి పిల్లను. ఒక డిప్లొమా పట్టా, దానికి మించిన ధైర్యం వెంటబెట్టుకుని ఆమె దగ్గర పనికి చేరాను. దుకాణంలో ఒక షిఫ్టు పుస్తకం ఉండేది. స్టేషన్‌లో ఒక షిఫ్టు వాళ్ళు దిగిపోతూ తర్వాత ఎక్కేవాళ్ళ కోసం ఏం జరిగిందో రాసి వెళతారట. ఆ అలవాటును ఆమె దుకాణానికి తెచ్చుకున్నారు. దుకాణంలో ఉన్నది ఒకటే షిఫ్టు, ఇద్దరం మనుషులం. అయినా పుస్తకం ఉండేది. మొదటిరోజు ఏదో స్కూలు మోడెం నా చేతికిచ్చి చూడమన్నారు. చూశాను. "మోడెం చచ్చిపోయింది" అని పుస్తకంలో రాశాను. ఆమె కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివారు.

"చచ్చిపోయిందా? నాడి పట్టి చూసినవా?"

"లైటు వెలగడం లేదు మేడం."

"మరి గదే రాయి. చూసింది రాయి, అనుకున్నది నీ దగ్గర్నే పెట్టుకో. నువ్వు చచ్చింది అని రాస్తే రేపొచ్చేటోళ్ళు దాన్ని పాతిపెడ్తరు."

"రేపు వచ్చేది కూడా నేనే కదా మేడం."

"అందుకే భయమైతుంది."

నా వెటకారానికి నవ్వని మనిషిని అంతకుముందు చూడలేదు. ఆమె నవ్వకపోగా దానికి ఒక మెట్టు పైనే జవాబు చెప్పేవారు. ఆ ఒక్క కారణంతోనే రెండో రోజు కూడా పనికి వెళ్ళాను.

ఇక ఆ దవాఖానా సంగతి. భద్రాచలం దాటాక తారు రోడ్డు మీదికి అడవి రెండు వైపుల నుంచీ దగ్గరపడే చోట ఒక ట్రస్టు వాళ్ళ చిన్న దవాఖానా ఉంది. దాన్ని చూసుకునేది సిస్టర్ ఫిలోమినా. అక్కడి నెట్‌వర్కు పని మా దుకాణానిది. అక్కడ ఎక్స్‌రే మిషను ఉంది, ఎక్స్‌రే చూసి చెప్పే డాక్టరు లేరు. తీసిన బొమ్మ ఇంటర్నెట్ మీద ఖమ్మం వెళితే అక్కడి డాక్టరు చూసి జవాబు రాస్తారు. చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి దగ్గు పట్టుకున్నా అక్కడికే నడిచి వస్తారు. రోగుల వివరాలు పోయే దారి కాబట్టి మధ్యలో ఫైర్‌వాల్ అనే పెట్టె ఉండి తీరాలని ట్రస్టు నియమం. అటవీ శాఖ చెక్‌పోస్ట్ చూసినవాళ్ళకు ఫైర్‌వాల్ గురించి వేరే చెప్పనక్కరలేదు. లోపలికి వచ్చేదాన్నీ బయటికి పోయేదాన్నీ ఆపి, ఎవరు, ఎక్కడికి అని అడిగే అడ్డకర్ర అది.

వేసవి మొదటి గాలివానకు పిడుగు పడి ఉన్న పెట్టె కాలిపోయింది. హైదరాబాదు నుంచి వాడిన పెట్టె తెప్పిద్దాం, పూచీ నాది అని సిస్టర్‌తో అన్నది నేనే. నన్ను ఎవరూ అడగలేదు. అది వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఒక్క ఎక్స్‌రే కూడా ఖమ్మం చేరలేదు. ఊరికే పడి ఉన్న మిషనును ఖమ్మం తరలిస్తామని, శనివారం మధ్యాహ్నం బండి పంపిస్తున్నామని ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ లోపల ఒక్క ఎక్స్‌రే వెళ్ళి జవాబు వస్తే మిషను అక్కడే ఉంటుంది. లేకపోతే ఇకమీదట గూడేల వాళ్ళు దగ్గుకుంటూ రెండు బస్సులు మారాలి.

బుధవారం నేను వెళ్ళి పెట్టె బిగించాను. ఫ్యాను తిరిగింది, వాసన వచ్చింది, పసుపు లైటు వెలిగింది. అది పచ్చ లైటు కావాలి. ఐదు నిమిషాలు చూశాను, కాలేదు. మా వైపు బోరు మోటారుకైనా, టీవీకైనా, అలిగిన బావకైనా ఒకటే వైద్యం: ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. ప్లగ్గు పీకాను, పెట్టాను. మళ్ళీ ఐదు నిమిషాలు. మళ్ళీ పీకాను. సాయంత్రం బస్సు వేళకు పీకడం, పెట్టడం నాకు చాలా బాగా వచ్చేశాయి. పచ్చ లైటు మాత్రం రాలేదు.

అక్కడి వాచ్‌మన్ ముత్తయ్య పక్క గూడెం కోయ మనిషి. నెలరోజులుగా దగ్గుతున్నాడు. ఎక్స్‌రే మిషను ఉన్న గది గుమ్మంలోనే కూర్చుని దగ్గుతున్నాడు. బస్సెక్కే ముందు అతన్ని పిలిచాను.

"ముత్తయ్యా, అటుగా వెళ్ళినప్పుడల్లా ఈ లైటు చూడు. పచ్చగా కాకపోతే ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి మళ్ళీ పెట్టు."

"ఎన్నిసార్లు అమ్మా?"

"పచ్చగా అయ్యేదాకా."

ఎంత తెలివైన ఏర్పాటో అనుకుంటూ కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. మనిషి జీవితంలో అతి పెద్ద తప్పులు చేసేటప్పుడు చల్లటి గాలి వస్తూ ఉంటుంది.

గురువారం సిస్టర్ ఫోన్ చేశారు. ఇంకా పసుపే. నేను షిఫ్టు పుస్తకం తీసి "పెట్టె పాడు, వాపసు పంపాలి" అని రాశాను. వాపసు పంపితే ఇంకొకటి శనివారం లోపల రాదని నాకు తెలుసు. నా పూచీ గుర్తొచ్చి మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు. రెండుసార్లు మాత్రమే పెట్టించుకున్నాను. మేడం పుస్తకం చూశారు.

"పెట్టిన తర్వాత ఎంతసేపు ఆగినవ్?"

"చాలాసేపు మేడం."

"చాలాసేపు అంటే గడియారంల ఎక్కడుంటది?"

"...ఐదు నిమిషాలు."

ఆమె పుస్తకం మూసేశారు. సొరుగు లాగి ఒక నీలం కేబుల్ తీశారు. ఇలాంటి పెట్టెలు లేచేటప్పుడు లోపల ఏం జరుగుతుందో ల్యాప్‌టాప్ మీద అక్షరాల్లో చూపించే కేబుల్ అది. బుధవారం నేను దాన్ని తీసుకెళ్ళలేదు. బరువని కాదు, గుర్తులేక. ఆమె దాన్ని చక్కగా చుట్టి, మర్నాటి టిఫిను సంచిలో అడుగున పెట్టుకున్నారు.

శుక్రవారం మొదటి బస్సుకు బయలుదేరాం. దవాఖానాలో ఎక్స్‌రే మిషను మీద అప్పటికే దుప్పటి కప్పి తాళ్ళు సిద్ధం చేశారు. సిస్టర్ కళ్ళ కింద నల్లగా ఉంది. "రూతమ్మ గారూ, రేపు మధ్యాహ్నం పన్నెండుకే బండి వస్తుందట," అన్నారు. మేడం పెట్టె వైపు చూడనైనా చూడలేదు. నేరుగా ముత్తయ్య దగ్గరికి వెళ్ళి అతని పక్కన గడప మీద కూర్చున్నారు.

"అన్నా, దీన్ని రెండు రోజుల సంది చూస్తున్నది నువ్వే గదా. ఏం చూసినవ్?"

ముత్తయ్య లేచి ప్లగ్గు పక్కన గోడ చూపించాడు. తెల్లటి సున్నం మీద బొగ్గుతో నిలువు గీతలు. వరసలు వరసలుగా గీతలు. అతను పీకిన ప్రతిసారీ ఒక గీత పెట్టాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, అరవై దాటాక సిగ్గేసి మానేశాను. చెప్పిన పని అంత నిక్కచ్చిగా చేసే మనిషికి అంత వెధవ పని చెప్పినందుకు.

మేడం గోడకు ముఖం ఆనించేంత దగ్గరగా వెళ్ళారు. "అన్నిట్ల ఈ ఒక్క గీత పక్కన చుక్క ఉంది. ఇదేంది?"

"గది నిన్న పొద్దుగాలది అమ్మా. ఇప్పపువ్వు ఏరనీకి పోయిన. మళ్ళొచ్చి చూస్తే లైటు గిట్ల కొట్టుకుంటుంది," అంటూ ముత్తయ్య పిడికిలి మూసి తెరిచి చూపించాడు.

"పసుపేనా?"

"అవ్, పసుపే. మిగతా అన్నిసార్లు ఊకెనే ఎలుగుతుండె. అప్పుడు మాత్రం కొట్టుకుంటుండె. పచ్చగ కాలే. ఈ అమ్మ పచ్చగ కాకుంటే పీకుమన్నది. పీకిన."

"ఎంతసేపు పోయినవ్?"

"గంప నిండేదాక. గంటకు కొంచెం తక్కువ."

"మిగతా సార్లు?"

"ఒక చుట్టు తిరిగొచ్చేదాక. ఒక్క బీడీ."

మేడం నా వైపు తిరిగారు. "ఈ దవాఖానల షిఫ్టు పుస్తకం సక్కగ రాసింది ఈయనొక్కడే. మళ్ళా చదువు రాదంటడు."

నీలం కేబుల్ పెట్టి కరెంటు ఇచ్చాం. ల్యాప్‌టాప్ మీద అక్షరాలు పరిగెత్తి, ఒకచోట ఆగాయి. డిస్కు సరిగా మూయలేదు, తనిఖీ చేస్తున్నాను, దయచేసి కరెంటు తీయవద్దు, అన్న అర్థంలో మూడు ముక్కలు. కింద ఒక అంకె: రెండు శాతం. ఆ పెట్టె రెండు రోజులుగా ఇదే మాట చెబుతోంది. వినే కేబుల్ పాల్వంచలో సొరుగులో ఉండిపోయింది.

మేడం విడమరిచి చెప్పారు. దాని లోపల చిన్న డిస్కు ఉంటుంది. అమ్మినవాళ్ళు దాన్ని పద్ధతిగా ఆపకుండా ప్లగ్గు పీకి పంపి ఉంటారు. అందుకని అది లేవగానే ముందు తన డిస్కు మొత్తం సరిచూసుకుంటుంది. సగంలో పీకితే మళ్ళీ మొదటి నుంచి. ముప్పావుగంట పట్టే పని అది. ముత్తయ్య ఇప్పపువ్వుకు వెళ్ళిన ఆ ఒక్కసారి దాదాపు లేచింది.

"లేవబోయినప్పుడల్లా నెత్తిన ఒక్కటేసి, లేస్తలేదు లేస్తలేదు అంటున్నవ్," అన్నారు నాతో.

"ఇప్పుడేం చేద్దాం మేడం?"

"ఏం చెయ్యొద్దు. చేతులు ఎనకకు కట్టుకో."

నేను చాలా పనులు నేర్చుకున్నాను కానీ ఏమీ చేయకపోవడం అంత కష్టమైన పని ఇంకొకటి చూడలేదు. అంకె పదికి వచ్చింది. ఇరవైకి వచ్చింది. ముప్పై ఒకటి దగ్గర ఆగి, అక్కడే కాపురం పెట్టింది. నా కుడిచేయి ఎప్పుడు ముందుకొచ్చిందో నాకే తెలియదు. ప్లగ్గుకు జానెడు దూరంలో ఉండగా, తల తిప్పకుండానే, "చెయ్యి" అన్నారు మేడం. వెనక్కి పెట్టుకున్నాను. సిస్టర్ జపమాల తీశారు. మేడం కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు. ఆ పెట్టె ఏ సంఘానిదో తెలియదు కాబట్టి కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు చెరోవైపు నుంచీ ప్రయత్నించారు. ముత్తయ్య కిటికీలోంచి గుట్ట వైపు చూస్తూ వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అన్నాడు. ఎవరితో అన్నాడో నేను అడగలేదు. అంకె ముప్పై రెండు అయింది. ముగ్గురూ తమ వల్లే అనుకున్నట్టున్నారు.

అరవై ఎనిమిది దగ్గర కరెంటు పోయింది. కథలో పోవలసిన చోటే పోయింది. మా కరెంటుకు ఆ మాత్రం కథాజ్ఞానం ఎప్పుడూ ఉంది. బయట ఈదురుగాలి లేచింది. మూలనున్న పాత యూపీఎస్ తన బ్యాటరీ మీద పెట్టెను నిలబెట్టి, ఆపకుండా కూత మొదలుపెట్టింది. "జల్దీ, పెట్టె తప్ప దాని మీదున్నయన్నీ తీసెయ్యున్రి!" అన్నారు మేడం. సిస్టర్ కంప్యూటర్లు ఆపారు, ముత్తయ్య ఫ్యానూ లైటూ ఆపాడు, నేను ఎవరిదో ఛార్జింగులో ఉన్న ఫోను లాగిపారేశాను. అది నాదే. చీకటి గదిలో, ఆ ఉక్కలో, సిస్టరూ ముత్తయ్యా ఖాళీ ఎక్స్‌రే కవర్లతో విసురుతుంటే నలుగురం ఒక అంకె చుట్టూ నిలబడ్డాం. ఎనభై. ఎనభై ఐదు. కూత వేగం పెరిగింది. ఆగిపోతే మళ్ళీ సున్నా నుంచి, ఈసారి ఆ డిస్కు తట్టుకుంటుందో లేదో కూడా తెలియదు. నేనొక జోకు వేద్దామని నోరు తెరిచి మేడం వైపు చూశాను. ఆమె కూడా చేతులు వెనక్కే కట్టుకుని ఉన్నారు. ఆ వేళ్ళు ఎంత గట్టిగా బిగుసుకున్నాయంటే కణుపులు తెల్లబడ్డాయి. అప్పటిదాకా ఆమెకు భయం వేయదనుకున్నాను. నోరు మూసుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో వేయని జోకు అదొక్కటే.

తొంభై తొమ్మిది. నూరు. పసుపు లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు కొట్టుకుంది. పచ్చబడింది.

ముత్తయ్య ప్లగ్గు వైపూ నా వైపూ చూశాడు. ఆ తర్వాత అడిగాడు: "అమ్మా, ఇగ పీకొద్దా?"

"పీకకు నాయినా," అన్నాను. అంత ప్రేమగా నేనెవరినీ బతిమాలలేదు. కాసేపటికి కరెంటు కూడా వచ్చింది, పెళ్ళి అయ్యాక దిగిన మేనమామలా.

పెట్టె లేవగానే చేసిన మొదటి పని మా ల్యాప్‌టాప్‌ను లోపలికి రానివ్వకపోవడం. వెనకటి యజమాని నియమాలు ఇంకా దానిలోనే ఉన్నాయి. "పని తెలిసినదే," అన్నారు మేడం మెచ్చుకోలుగా. ఆ నియమాలు తుడిచి దవాఖానావి పెట్టేసరికి మధ్యాహ్నం మూడయింది. సిస్టర్ మిషను మీది దుప్పటి తీసి, మొదటి ఎక్స్‌రేకు ముత్తయ్యను నిలబెట్టారు. ఊపిరి బిగపట్టమన్నారు. సరిగ్గా అప్పుడే దగ్గాడు. అదే పంపించేశాం, ఆగే ఓపిక ఆరోజుకు అయిపోయింది.

అరగంటలో ఖమ్మం నుంచి జవాబు వచ్చింది. "బొమ్మ మసకగా ఉంది. రోగి కదిలారు. మళ్ళీ తీసి పంపండి."

సిస్టర్ దాన్ని రెండుసార్లు చదివి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. చీవాట్లు చదివి ఆనందబాష్పాలు కార్చిన మనిషిని అప్పుడే చూశాను. "జవాబొచ్చిందా లేదా? ట్రస్టోళ్ళడిగింది గదే గదా," అన్నారు మేడం. సిస్టర్ వెంటనే ట్రస్టుకు ఫోన్ చేశారు. బండి రావడం లేదని వాళ్ళతోనే రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండో ఎక్స్‌రేకు సరైన జవాబు వచ్చింది: భయపడిన జబ్బు కాదు, మందులు వాడితే తగ్గుతుంది, బీడీలు మాత్రం పూర్తిగా మానాలి. మొదటి ముక్కకు ముత్తయ్య ముఖం వెలిగింది. చివరి ముక్కకు, "మిషను బండ్లె పోతేనే మంచిగుండు," అన్నాడు.

తిరుగు బస్సులో మేడం టిఫిను తెరిచారు. గోదావరి వంతెన మీదికి వచ్చాక, ఆరోజంతా దాచుకున్న ప్రశ్న అడిగాను.

"అలా ఏమీ ముట్టుకోకుండా ఆగడం బాయిలర్ల దగ్గర నేర్చుకున్నారా మేడం?"

గొప్ప జవాబు వస్తుందని, దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకోవాలని సర్దుకుని కూర్చున్నాను.

"బాయిలరా? మా అత్త దగ్గర. ఇడ్లీ గిన్నె మూత మాటిమాటికి తీసి చూసెటిదాన్ని. మూత తీసినప్పుడల్లా చేతి మీద గరిటెతోని ఒక్కటేసేది. పెళ్ళైన ఆరు నెలలకు నేర్చుకున్న."

జవాబు అనుకున్నంత గొప్పగా లేదు. అయినా జీవితాంతం గుర్తుంటుంది.

మర్నాడు షిఫ్టు పుస్తకంలో నా పాత వాక్యం కింద నేనే రాశాను: "పెట్టె బాగానే ఉంది. పీకింది నేను." ఆమె చదివి, మొదటిసారి నవ్వారు. నా అన్ని వెటకారాలకూ నవ్వని మనిషి ఒక్క నిజానికి నవ్వారు. అప్పటి నుంచి ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు మేనేజరు గదికి వెళ్ళను. వాచ్‌మన్ పక్కనో, ఊడ్చే అమ్మ పక్కనో ఐదు నిమిషాలు కూర్చుంటాను. ఏమైందని అడగను. ఏమైందో అందరికీ తెలుసు, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలుసు. ఏం చూశారని అడుగుతాను. ఎక్కువసార్లు సగం పని అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి మాత్రం ఇంకొకరు పక్కన నిలబడి "చెయ్యి" అంటే బాగుండుననిపిస్తుంది. ఎవరూ అనరు కాబట్టి నాకు నేనే అనుకుంటాను, ఆమె గొంతుతో.

ఈమధ్యే ట్రస్టు ఆ పెట్టె తీసేసి కొత్తది పెట్టింది. అది రెండు నిమిషాల్లో లేస్తుంది.